స్లెంగ్ టెంగ్‌కు నలభై ఏళ్ల జేజేలు

1985 ఫిబ్రవరి 23 రాత్రి. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో, వాల్తమ్ పార్క్ రోడ్డు మీద రెండు సౌండ్ సిస్టమ్‌లు, అంటే పెద్ద స్పీకర్లు పెట్టి పాటలు మోగించే బృందాలు, పోటీకి దిగాయి. ఒకటి బ్లాక్ స్కార్పియో, రెండోది సంగీత నిర్మాత కింగ్ జామీది. జామీ స్పీకర్లలోంచి స్లెంగ్ టెంగ్ మోగగానే పోటీ సంగతి తేలిపోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రిడిమ్‌కు, అంటే పాట కింద నడిచే ఆ బేస్, డ్రమ్స్ వరసకు, నలభై ఏళ్లు నిండాయి. అందరం చప్పట్లు కొట్టాల్సిందే!

దాని పుట్టుకే ఒక తమాషా. సంగీతకారుడు నోయెల్ డేవీ దగ్గర కాసియో ఎంటీ-40 అనే చిన్న కీబోర్డు ఉండేది. పిల్లల చేతికి సరిపోయే 37 బుల్లి మీటలు, పక్కన బేస్ కోసం గుండీలు. అందులో ముందే నింపి ఉంచిన 'రాక్' తాళం మోగిస్తే బేస్, డ్రమ్స్ వాటంతటవే నడుస్తాయి. గాయకుడు వేన్ స్మిత్, డేవీ కలిసి దాన్ని వాటర్‌హౌస్‌లోని జామీ స్టూడియోకు పట్టుకెళ్లారు. జామీ చెవి గట్టిది. వేగం తగ్గించి, పైన పియానో, చప్పట్లు చేర్చాడు. ఆ బేస్ మీద స్మిత్ పాడిన 'అండర్ మి స్లెంగ్ టెంగ్' ఊరంతటినీ ఊగించింది.

ఇక అసలు వైభవం ఆ తర్వాతిది. మనకు ఒకే వరుసలో వేరే మాటలు కట్టి పాడుకోవడం తెలుసు. డ్యాన్స్‌హాల్ అనే ఈ జమైకా సంగీతం వాళ్ల పద్ధతి ఇంకో రకం: కింద నడిచే బేస్, డ్రమ్స్ అందరివీ, పైన రాగం, మాట ఎవరివి వాళ్లవి. టెనర్ సా అదే రిడిమ్ మీద 'పంప్కిన్ బెల్లీ' పాడితే, జానీ ఓస్‌బోర్న్ 'బడీ బై' అందుకున్నాడు. ఒక్కో గొంతు దగ్గర ఆ బేస్ ఒక్కోలా వినిపిస్తుంది: ఒకచోట బెదిరింపులా, ఇంకోచోట వేళాకోళంలా. ఇలా వందల పాటలు వచ్చాయి. దీని తర్వాత యంత్రాల మీద కట్టిన రిడిమ్‌లు వెల్లువెత్తి, స్టూడియో వాద్యకారులకు పని తగ్గిందన్నదీ నిజమే. పండగ పూటైనా ఆ మాట దాచడం మర్యాద కాదు.

ఈ సన్మానంలో మొదటి శాలువా మాత్రం జపాన్‌కు పంపాలంటాను. కీబోర్డులోని ఆ 'రాక్' తాళం కట్టింది ఒకుదా హిరోకో. కాలేజీలో రెగే మీదే పరిశోధనా వ్యాసం రాసి, 1980లో కాసియోలో చేరిన అమ్మాయి. రాక్ అని పేరు పెట్టినా, రెగే విని విని పండిన చెవి కట్టిన బేస్ అది. జమైకాకు అంత సొంతంగా అనిపించడంలో వింతేముంది? కాసియో దాని మీద హక్కుల గొడవకు దిగలేదు కూడా. అందుకు వాళ్లకూ ఒక దండ.

వేన్ స్మిత్ 2014లో కన్నుమూశాడు. ఆయన వాటా చప్పట్లు ఆయన పాటకే చెందాలి. ముందు అది పెట్టండి, వెంటనే టెనర్ సా, ఆ పైన ఓస్‌బోర్న్. బేస్ మాత్రం తగ్గించకండి, పక్కింటివాళ్లనూ పిలవండి.