సున్నా దగ్గర నేను గీసిన గీత

మూడో సంవత్సరం ఇంటర్న్‌షిప్‌లో చేసిన ఒక తప్పుతో మొదలుపెడతా. షాఫ్ట్ రనౌట్ 0.05 మి.మీ. దాటకూడదు. స్పెసిఫికేషన్ అంతే, కింది హద్దు లేదు. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం రెండు హద్దులకీ గడులున్నాయి. ఖాళీ ఎందుకులే అని కింది గడిలో సున్నా కొట్టేశా. సగటు 0.01, సిగ్మా 0.005. సీపీకే 0.67 వచ్చింది. మామూలుగా 1.33 అయినా ఉండాలంటారు కదా, మెషిన్ బాలేదని రిపోర్ట్ ఇచ్చేశా. ఏళ్ల తరబడి దాని మీద పనిచేస్తున్న ఆపరేటర్ అన్న నా వల్ల అందరి ముందూ మాట పడ్డాడు.

నిజానికి చూడాల్సింది పై హద్దు ఒక్కటే. 0.05 లోంచి 0.01 తీసేసి, మూడు సిగ్మాలతో, అంటే 0.015తో భాగిస్తే 2.67. రనౌట్‌కి సున్నా హద్దు కాదు, గమ్యం. అన్న దాని దగ్గరికి తెచ్చినకొద్దీ నా లెక్క ఆయన్ని తప్పుపట్టింది.

అసలు ఈ గీతల గురించి ముందుగా ఆలోచించిందెవరా అని వెతికితే వాల్టర్ షూహార్ట్ దొరికారు.

ఆయన 1891లో అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలోని న్యూ కాంటన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. 1917లో బర్కిలీలో ఫిజిక్స్‌లో డాక్టరేట్ తీసుకుని, మరుసటి ఏడాది షికాగో పక్కనున్న వెస్టర్న్ ఎలక్ట్రిక్ వారి హాథోర్న్ ఫ్యాక్టరీలో చేరారు. అక్కడ టెలిఫోన్ సామాన్లు తయారయ్యేవి. అప్పట్లో క్వాలిటీ అంటే తయారైనవాటిలో చెడ్డవి ఏరి పక్కన పడేయడమే. కొలత కాస్త అటూ ఇటూ అయితే మెషిన్‌ని సర్దేసేవాళ్లు. అవసరం లేకుండా సర్దితే తేడాలు ఇంకా పెరుగుతాయి.

1924 మే 16న షూహార్ట్ తన పై అధికారికి ఒక్క పేజీ నోట్ పంపారు. అందులో ఒక చిన్న బొమ్మ. మనం ల్యాబ్ రికార్డుల్లో వేసే కంట్రోల్ చార్ట్ పుట్టింది అక్కడే. ఎప్పుడూ ఉండే మామూలు తేడాలు వేరు, ఏదో ప్రత్యేక కారణంతో వచ్చే తేడాలు వేరు, ఈ రెండో రకం కనిపించినప్పుడే కారణం వెతకాలి అన్నది దాని సారం. 1925లో ఆయన బెల్ ల్యాబ్స్‌కి మారి, 1956లో రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నారు.

1931లో వచ్చిన ఆయన పుస్తకంలో ఒక ఉదాహరణ నన్ను ఆపేసింది. ఒక ఇన్సులేషన్ పదార్థం నిరోధం మీద 204 కొలతలు, నాలుగేసి చొప్పున 51 గుంపులు. ఈ నిరోధం ఎంత ఎక్కువుంటే అంత మేలు, తగ్గితేనే ప్రమాదం. అంటే నా షాఫ్ట్ లాగే ఒకవైపు హద్దు కథ, కాకపోతే తలకిందులు. అయినా ఆయన చార్ట్ మీద పైనా కిందా రెండు గీతలూ గీశారు. ఎందుకంటే ఆ గీతలు కస్టమర్ అడిగినవి కావు, కొలతల్లోంచే పుట్టినవి. మంచివైపు గీత దాటినా ఏదో మారిందనే అర్థం. కొన్ని చుక్కలు నిజంగానే దాటాయి. కారణాలు వెతికి తీసేశాక తేడాలు తగ్గాయి. సీపీకే లాంటి సూచికలు ఆయన తర్వాత వచ్చినవే. కానీ ముందు ప్రాసెస్ నిలకడగా ఉందో లేదో చూడాలి, సామర్థ్యం మాట ఆ తర్వాతే అన్న క్రమం ఆయన దగ్గర నేర్చుకోవచ్చు.

1947-48లో మహలనోబిస్ పిలుపు మీద ఆయన మన దేశానికీ వచ్చారు. ఇక్కడ క్వాలిటీ కంట్రోల్ ఉద్యమానికి అది ఊతమైంది. జపాన్‌లో పేరు తెచ్చుకున్న డెమింగ్ కూడా ఆయన దగ్గర నేర్చుకున్నవాడే. షూహార్ట్ 1967లో కన్నుమూశారు.

నేను మళ్లీ ఆ షాప్ ఫ్లోర్‌కి వెళ్లా. ముందు చార్ట్ వేశా, చుక్కలన్నీ లోపలే ఉన్నాయి. తర్వాత పై హద్దుతో మాత్రమే లెక్క కట్టా. సున్నా దగ్గర కొలతలు ఒకవైపుకి ఒరిగి ఉంటాయి కాబట్టి 2.67ని అక్షరాలా నమ్మొద్దని కూడా రాసి, సవరించిన రిపోర్ట్ ఇచ్చా. అన్నకి సారీ చెప్తే నవ్వేసి టీ ఇప్పించాడు.

మీ సాఫ్ట్‌వేర్ కూడా ఆ రెండో గడి చూపిస్తుంది. హద్దు లేకపోతే ఖాళీగానే వదిలేయండి.