55 డిగ్రీల విట్‌వర్త్

పాత సైనిక రైఫిల్ రిసీవర్‌కు వేరే తుపాకీ నుంచి తీసిన బ్యారెల్ బిగించాలంటే ముందు చూసేది థ్రెడ్. కోణం, అంగుళానికి చుట్లు రెండూ కలవాలి. కలిసినా సగం పనే అయినట్టు. తూటా కూర్చునే లోతును గేజ్‌తో సరిచూడనిదే పేల్చకూడదు. జర్మనీ మౌజర్ 98 బ్యారెల్ థ్రెడ్ కోణం 55 డిగ్రీలు. ఆ అంకెను ఖాయం చేసింది మాత్రం ఓ ఇంగ్లిష్ మెకానిక్, జోసెఫ్ విట్‌వర్త్.

1803లో స్టాక్‌పోర్ట్‌లో పుట్టారు. చిన్నతనంలోనే తల్లి పోయింది. 14 ఏళ్లకే బంధువుల నూలు మిల్లులో చేరారు. మిల్లు యజమాని కావాల్సిన కుర్రాడికి యంత్రాల మీదే మనసు. నాలుగేళ్లకు మాంచెస్టర్ వెళ్లిపోయి మామూలు మెకానిక్‌గా కుదురుకున్నారు. 1825లో లండన్ చేరి, హెన్రీ మాడ్‌స్లే వర్క్‌షాప్‌లో పనిచేశారు. మూడు ఇనుప పలకల్ని ఒకదానితో ఒకటి సరిచూస్తూ, ఎత్తున్న చోట గీకుతూ, నిజంగా చదునైన పలకను సాధించడం ఆయన పేరు నిలిపిన పని. 1833లో మాంచెస్టర్‌లో సొంత షాపు పెట్టారు.

అప్పట్లో ఏ షాపు మర దానిదే. ఒకచోటి బోల్టు ఇంకోచోటి నట్టుకు పట్టేది కాదు. విట్‌వర్త్ నా మరే గొప్పని పట్టుబట్టలేదు. పలు షాపుల స్క్రూలు తెప్పించి, కొలిచి, సగటు తీశారు. 1841లో ఆయన ప్రతిపాదించిన 55 డిగ్రీల మర క్రమంగా దేశమంతా పాకింది.

1854లో రైఫిళ్లు తయారుచేసే యంత్రాల కోసం ప్రభుత్వం ఆయన్ను అడిగింది. ఆర్డరొచ్చింది కదా అని పని మొదలెట్టలేదు. మంచి రైఫిల్ ఎందుకు మంచిదో ముందు తేలాలన్నారు. ఇంటి ఆవరణలోనే 500 గజాల షూటింగ్ గ్యాలరీ కట్టించి పరీక్షలు చేశారు. అలా వచ్చిన ఆరు పలకల బోరు రైఫిల్ 1857 పోటీ పరీక్షల్లో ఎన్‌ఫీల్డ్‌ను చిత్తు చేసింది. అయినా సైన్యం తీసుకోలేదు. ఖరీదెక్కువ, సన్నని బోరులో మసి త్వరగా పట్టేది. గురి ఒక్కటే చాలదని అలా తేలింది.

1868లో ఏటా 100 పౌండ్ల చొప్పున 30 స్కాలర్‌షిప్‌లు నెలకొల్పారు. పుస్తక జ్ఞానంతోపాటు చేతిపనీ వచ్చినవాళ్లకే అవి. 1887లో కన్నుమూశారు.

ఐటీఐ, పాలిటెక్నిక్, మెకానికల్ ఏది చదువుతున్నా వెర్నియర్, మైక్రోమీటర్ చేత్తో పట్టి చదవడం ఈ వారమే సాధన చేయండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ పక్కన పెట్టి, ముందు అవే చేతికిచ్చే చోట్లున్నాయి.