బట్టల కొట్టు కుర్రాడి టైమ్ మెషీన్

మన ‘ఆదిత్య 369’కి స్ఫూర్తి అయిన ‘ది టైమ్ మెషీన్’ నవల 1895లో వచ్చింది. రాసింది హెచ్.జి.వెల్స్. అప్పటికి పదిహేనేళ్ల కిందట అతనికో బట్టల కొట్లో పని.

వెల్స్ 1866లో ఇంగ్లండ్‌లోని బ్రామ్లీలో పుట్టాడు. తండ్రికి చిన్న పింగాణీ సామాన్ల కొట్టు ఉండేది. అదేమంత నడిచేది కాదు. క్రికెట్ ఆడితే వచ్చే డబ్బులే ఆసరా. 1877లో తండ్రి కాలు విరగడంతో అవీ పోయాయి. తల్లి ఓ పెద్ద బంగ్లాలో పనికి కుదిరింది. కొడుకు చదువు మానేసి కొట్టుకెళ్లాడు. రోజుకి 13 గంటల చాకిరీ. ఇక నావల్ల కాదని తల్లిదండ్రుల్ని ఒప్పించి 1883లో బయటపడ్డాడు. బడిలో పాఠాలు చెబుతూ చదువుకుని స్కాలర్‌షిప్ తెచ్చుకున్నాడు. లండన్‌లో టి.హెచ్.హక్స్‌లీ దగ్గర బయాలజీ నేర్చుకున్నాడు.

కథ ఇక్కడితో సుఖాంతం అనుకునేరు! జియాలజీ తప్పాడు. 1887లో డిగ్రీ లేకుండానే బయటికొచ్చాడు. టీచరుగా చేరితే ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బకి కిడ్నీ పాడైంది. 1890లో ప్రైవేటుగా పరీక్షలు రాసి బీఎస్సీ పూర్తిచేశాడు. 1893లో నోట్లోంచి రక్తం పడటంతో టీచింగ్ వదిలేశాడు. ఇక మిగిలింది రాత ఒక్కటే.

వెల్స్ పద్ధతేంటంటే, కథలో అసాధ్యమైనది ఒక్కటే ఉండాలి. మిగతాదంతా మన వీధిలో జరిగినట్టే ఉండాలి. ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’ (1897) చూడండి. మనిషి కనపడడు, సరే. మరి బట్టలు? అవి కనిపిస్తాయి కాబట్టి లండన్ చలిలో ఒంటిమీద నూలుపోగు లేకుండా తిరగాలి. తిన్న తిండి అరిగేదాకా కడుపులో కనిపిస్తుంది. బురద కాళ్ల గుర్తులు పట్టుకుని పిల్లలు వెంటపడతారు. చివరికి బట్టల కోసం ఓ పెద్ద దుకాణంలో దూరి రాత్రంతా దాక్కుంటాడు. కొట్టు మూసేవేళ సరుకు మీద ముసుగులు కప్పుతూ సర్దే కుర్రాళ్ల హడావుడి ఉంటుందే, అది కౌంటర్ వెనక నిలబడ్డవాడు తప్ప ఇంకొకరు రాయలేరు.

ఈ ధోరణి జూల్ వెర్న్‌కి నచ్చలేదు. తాను మనుషుల్ని చంద్రుడి వైపు ఫిరంగితో పంపితే, వెల్స్ గురుత్వాకర్షణను అడ్డుకునే పదార్థాన్ని ఊహించేసి సరిపెట్టాడని ఆయన ఫిర్యాదు. నన్నడిగితే పాఠకుడికి కావాల్సింది ఆ పదార్థం ఎలా తయారైందన్న లెక్క కాదు, అది ఉంటే ఏమవుతుందన్నదే.

‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ (1898) కోసం వెల్స్ తానుంటున్న వోకింగ్ చుట్టూ సైకిల్ వేసుకుని తిరిగాడు. అంగారకవాసులు ఏ ఇళ్లు కూల్చాలో చూసుకున్నాడు. సైన్యం ఓడించలేని ఆ శత్రువుల్ని చంపింది మాత్రం బ్యాక్టీరియా. బయాలజీ పాఠాలు ఊరికే పోలేదన్నమాట.

1914 నాటి నవలలో ‘అణుబాంబు’ అన్నదీ ఇతనే. అది చదివిన భౌతికశాస్త్రవేత్త లియో సిలార్డ్‌కి 1933లో చైన్ రియాక్షన్ ఆలోచన తట్టింది. 1946 ఆగస్టులో వెల్స్ చనిపోయాడు. హిరోషిమా మీద నిజం బాంబు పడి అప్పటికి ఏడాది.