జగన్మిత్రుడు భాగ్యరెడ్డివర్మ

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు ప్రాంతం పసుపు పంటకు పేరెన్నికగన్నది. ఆ పసుపు చేలను తరతరాలుగా దున్నినది ఎద్దు. ఎండిన కొమ్ములను బండి మీద అంగడికి చేర్చినదీ ఎద్దే. పశువును ఇంటి మనిషిగా చూచుకొనే సంస్కారం తెలంగాణ పల్లెలకు కొత్త కాదు. అయితే పోచమ్మ, మైసమ్మ జాతరలలో అదే పసుపును మేకకు పూసి బలి ఇచ్చే ఆచారమూ ఆ పల్లెలలోనే ఉన్నది. పెంచిన చేతులే ప్రాణం తీసే ఈ ఆచారాన్ని మానుమని తెలంగాణలో తొలినాళ్లలోనే ప్రచారం చేసిన సంస్కర్త మాదరి భాగ్యరెడ్డివర్మ.

ఆయన 1888 మే 22వ తేదీన హైదరాబాదులోని ఒక పేద దళిత కుటుంబంలో జన్మించారు. తల్లి రంగమాంబ, తండ్రి వెంకయ్య. తల్లిదండ్రులు పెట్టిన పేరు భాగయ్య. సాటి మనుష్యులు అంటరానివారై, విద్యకు దూరమై, మద్యానికి, మూఢనమ్మకాలకు లోనై కృశించడం చూచి ఆయన హృదయం ద్రవించింది. 1906లో 'జగన్మిత్ర మండలి'ని స్థాపించి, హరికథల ద్వారా జనాన్ని ఆకర్షించి, వారిలో చైతన్యం కలిగించారు. 1911లో ఆ సంస్థ 'మన్య సంఘం'గా రూపొందింది.

ఆ కాలంలో హైదరాబాదులో 'జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలి' అనే సంస్థ పనిచేసేది. రాయ్ బాలముకుంద్, లాల్జీ మేఘ్‌జీ మొదలైనవారు దానికి సారథులు. భాగ్యరెడ్డివర్మ అందులో ప్రచారకునిగా చేరి, దేవతల పేరిట మూగజీవులను చంపవద్దని ప్రజలకు బోధించారు.

ఈ పని సులభమైనది కాదు. అమ్మవారికి బలి తప్పితే ఊరికి కలరా, మశూచి వస్తాయన్న భయం జనంలో బలంగా ఉండేది. బలికి, విందుకు, మద్యానికి అప్పులు చేసి పేదలు చితికిపోయేవారు. పైగా దున్నపోతు బలికి సంబంధించిన పనులను, చచ్చిన పశువును మోసే పనిని ఊరు దళితుల మీదనే మోపేది. పని చేయించుకొన్న ఊరే వారిని అపవిత్రులని వెలివాడలో ఉంచేది. కనుక బలి మానడమంటే ఒక మూగజీవి ప్రాణం నిలవడం మాత్రమే కాదు. ఒక కుటుంబం అప్పు నుండి, ఒక జాతి అవమానం నుండి బయటపడడం కూడా.

దేవత పేరిట బలి అయినవి పశువులు మాత్రమే కావు. అభం శుభం తెలియని దళిత బాలికలను దేవతకు అంకితం చేసి జోగినులుగా మార్చే దురాచారం నిజామాబాదు ప్రాంతంలో లోతుగా వేళ్లూనుకొన్నది. భాగ్యరెడ్డివర్మ జోగినీ వ్యవస్థకు, బాల్యవివాహాలకు, మద్యపానానికి వ్యతిరేకంగా అవిశ్రాంతంగా పోరాడారు. నోరులేని మేకపిల్లకు, నోరు విప్పలేని ఆడపిల్లకు ఆయన ఉద్యమంలో సమానంగా చోటు లభించింది.

అజ్ఞానమే ఈ దురాచారాలకు మూలమని గ్రహించి, ఆయన 1910లో హైదరాబాదులోని ఇసామియా బజారులో బాలబాలికలకు పాఠశాలను ప్రారంభించారు. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో ఆ పాఠశాలలు తెలుగులో విద్య నేర్పాయి. కాలక్రమంలో వాటి సంఖ్య 26కు పెరిగింది.

1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. పంచములన్న పేరును తిరస్కరించి, తామే ఈ నేలకు ఆదివాసులమని ఆయన చాటడంతో, ఆ సభ 'ఆది ఆంధ్ర' మహాసభగా పేరు మార్చుకొన్నది. 1931 జనాభా లెక్కలలో నిజాం ప్రభుత్వం దళితులను 'ఆది హిందువులు'గా నమోదు చేయడం ఆయన కృషికి లభించిన ఫలితం.

1939 ఫిబ్రవరి 18వ తేదీన భాగ్యరెడ్డివర్మ కన్నుమూశారు. దేవాలయాలలో జంతుబలిని నిషేధించే చట్టం మద్రాసు రాష్ట్రంలో 1950లో వచ్చి, తరువాత తెలంగాణకూ వర్తించింది. జోగినీ వ్యవస్థను నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1988లో చట్టం చేసింది. ఈ రెండు చట్టాలు వెలువడకముందే, అధికారబలమేదీ లేకుండ, కేవలం మాటతో, బడితో ప్రజల మనసులను మార్చ పూనుకొన్న ధీశాలి ఆయన. సాటి మనిషిని తాకనొల్లని సమాజంలో పుట్టి, పశువు ప్రాణానికి సైతం విలువ కట్టిన భాగ్యరెడ్డివర్మ నిజంగా జగన్మిత్రుడే.