యల్లాప్రగడ సుబ్బారావు

లోకమునకు మేలుచేసిన మహనీయులలో కొందరి పేరు ప్రతి యింటను వినబడును. మరికొందరు చేసిన మేలు ఇంటింట నుండును గాని, వారి పేరు పలువురికి తెలియదు. యల్లాప్రగడ సుబ్బారావు ఈ రెండవ కోవకు చెందినవాడు.

ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. బాల్యమున చదువుపై మనసు నిలువక, మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు కృతార్థుడయ్యెను. యౌవనమున ఆయన సోదరు లిద్దరు స్ప్రూ అను విరేచనవ్యాధికి కొద్దిదినముల తేడాతో బలియైరి. ఆనాటి వైద్యులకు ఆ రోగమును మాన్పు మందు తెలియదు. ఆ దుఃఖము సుబ్బారావు మనసున చెరగని ముద్ర వేసెను.

మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు, గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించెను. అందుకు శస్త్రచికిత్సాచార్యుడు కినుక వహించెను. తుదకు సుబ్బారావునకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టమే దక్కెను. ఆయన నిరుత్సాహపడక అమెరికా చేరి, రాత్రులందు ఆసుపత్రిలో చిన్నపనులు చేయుచు హార్వర్డులో చదివెను. ఫిస్కే అను ఆచార్యునితో కలిసి, 1925లో రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. 1940లో లెడర్లీ సంస్థలో చేరెను. ఆయన నాయకత్వమున అచటి శాస్త్రజ్ఞులు 1945లో ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిరి. తన సోదరులను హరించిన స్ప్రూ వ్యాధిలో కలుగు రక్తహీనతకు అది ఔషధమయ్యెను. బోదకాలు వ్యాధికి వాడు హెట్రజాను కూడ ఆ పరిశోధనాలయముననే పుట్టినది.

క్షయరోగముపైనను ఆయన దృష్టి ప్రసరించెను. నికోటినమైడు అను విటమిను ఎలుకలలో క్షయను కొంతవరకు అణచునని ఆయన బృందము 1948లో ప్రకటించెను. ఆ సంవత్సరమే, ఆగస్టు మాసమున, ఏబదిమూడేండ్ల ప్రాయమున సుబ్బారావు కన్నుమూసెను. ఆయన చూపిన మార్గమున నడచిన లెడర్లీ శాస్త్రజ్ఞులకు 1952లో పైరాజినమైడు లభించినది. ఆ యేడే ఐసోనియాజిడు అను మరియొక మందును వెలువడినది. నేటికిని క్షయచికిత్సలో ఈ రెండును ముఖ్యములు.

కాని ఈ మందులకు ఒక దోషము కలదు. కొందరిలో ఇవి కాలేయమును దెబ్బతీయును. ఒకే మందు ఒకనికి ప్రాణము పోసి, వేరొకనికి కీడుచేయుటకు కారణమేమి? మన చింతలపూడి, నూజివీడు సీమల మామిడిరైతుల నడిగినచో ఇట్టి భేదమును చక్కగ తెలుపగలరు. ఒకే చెట్టు టెంకలు నాటినను, మొలచిన చెట్లన్నియు ఒకే తీరున కాయవు. అందుచేతనే వారు అంటు కట్టుదురు. మనుష్యులలోను అట్టి పుట్టుకభేదము కలదు. కాలేయములోని ఎన్.ఏ.టి.2 అను ఎంజైము ఐసోనియాజిడును మార్చును. ఈ పని కొందరిలో వేగముగను, కొందరిలో మందముగను సాగును. ఇది తల్లిదండ్రులనుండి వచ్చు గుణమని 1960లో ప్రైస్ ఇవాన్స్ మొదలైనవారు కుటుంబములను పరిశీలించి నిరూపించిరి. తల్లినుండియు తండ్రినుండియు మందగతి జన్యువులే పొందినవారిలో కాలేయమునకు అపాయము హెచ్చు. అయినను వారిలో పెక్కుమందికి ఏ హానియు కలుగదు.

కావున ఆకలి మందగించుట, వాంతులు, మూత్రము ముదురురంగు తిరుగుట, కన్నులు పచ్చబడుట మొదలగు లక్షణములు కనబడిన క్షయరోగి తక్షణమే వైద్యుని చూడవలెను. భయపడి చికిత్సనే విడిచినచో క్షయ తిరుగబడును. మందును మార్చవలెనో, మోతాదును సవరింపవలెనో వైద్యుడు నిర్ణయించును.

రోగమునకు మందు కనుగొనుట గొప్ప కార్యమే. ఆ మందు ఎవరి దేహమున ఎట్లు పనిచేయునో ఎరుగుటయు అంతటి కార్యమే. సుబ్బారావు ప్రారంభించిన పనిలో ఈ రెండవ భాగము నేటి విద్యార్థులకొరకు వేచియున్నది.