సర్ జాన్ హెర్షెల్

పసుపు అద్దిన బట్టను పలుమాఱు లెండలో నారవేసిన రంగు వెలిసిపోవుట మనమంద ఱెఱిగినదే. ఆ వెలియుటయందే చిత్రములు దీయుటకు మార్గము వెదకిన మహనీయుడు సర్ జాన్ హెర్షెల్.

ఇతడు 1792వ సంవత్సరము మార్చి 7వ తేదీని ఇంగ్లండు దేశమందలి స్లౌ గ్రామమున జన్మించెను. 1781లో యురేనస్ గ్రహమును కనుగొనిన విలియం హెర్షెల్ ఇతని తండ్రి; పెక్కు తోకచుక్కలను కనిపెట్టిన కరొలైన్ హెర్షెల్ ఇతని మేనత్త. 1813లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున గణితపరీక్షయందు ప్రథమస్థానము నొందెను. 1834 మొదలు 1838 వఱకు దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతమున వసించి దక్షిణాకాశ నక్షత్రములను పరిశీలించెను.

హైపో యను లవణము వెండి లవణములను కరగించునని ఇతడు 1819లోనే కనుగొనియుండెను. 1839లో ఫొటోగ్రఫీ లోకమునకు వెల్లడి కాగా, చిత్రము వెలుతురునకు చెడకుండ నిలుపుటకు హైపోయే తగిన సాధనమని చూపెను.

అంతటితో తృప్తి నొందక ఇతడు పూలవైపు దృష్టి మరల్చెను. పూలరేకులను నూఱి, ఆల్కహాలు కలిపి వడగట్టి, ఆ రసమును కాగితమునకు పూసి చీకటిలో ఆరనిచ్చెడివాడు. దానిపై నొక అచ్చుబొమ్మ నుంచి ఎండలో పెట్టగా, ఎండ సోకినచోట రంగు వెలిసెడిది, నీడపడినచోట నిలిచెడిది. ఒక్కొక చిత్రమునకు దినములు, ఒక్కొకప్పుడు వారములు పట్టెడివి. రసపు రంగునకు పూరకమైన వర్ణపు కిరణములే సాధారణముగా దానిని హెచ్చుగా వెలయించునని గ్రహించి, ఆ సంగతులను 1842లో రాయల్ సొసైటీ పత్రికయందు ప్రకటించెను.

అయితే ఏ యెండ చిత్రమును గీసెనో ఆ యెండయే దానిని తుడిచివేయుచుండెను. వెండి చిత్రములను నిలుపుట లోకమునకు నేర్పినవాడు తన పూలచిత్రములను నిలుపజాలడయ్యెను. ఐనను ఆ శ్రమ వ్యర్థము కాలేదు. అదే పరిశోధనలో ఇనుప లవణములతో నీలి చిత్రమును తీయు విధానము కనుగొనెను. అది నీట కడిగినంతనే నిలుచునది. మఱుసటి యేడే, అనగా 1843లో, అన్నా అట్కిన్సు అను విదుషి సముద్రపు నాచుమొక్కల రూపములను ఆ నీలి కాగితములపై దింపి గ్రంథముగ వెలువరింప నారంభించెను. ఇంజనీర్ల బ్లూప్రింట్లకును అదియే మూలము.

హెర్షెల్ 1871వ సంవత్సరము మే 11వ తేదీని మరణించెను. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో న్యూటను సమాధిచెంతనే ఇతనిని పాతిపెట్టిరి.

విద్యార్థులారా! నిలువని చిత్రమును సయితము ఇతడు దాచక లోకము ముందుంచెను. మన ప్రయత్నము విఫలమైనప్పుడు దానిని దాచుదుమా, దానినుండి నేర్చుకొందుమా యనునది ఆలోచింపవలసిన విషయము.