విప్పి చూసిన మనిషి: జి.డి. నాయుడు

మడకశిర లాంటి ఊళ్ళో సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న తప్పదు. బెంగళూరులో లక్షన్నర కిలోమీటర్లు తిరిగిన ఆటోమేటిక్ కారు చౌకగా దొరికింది, కొన్నాం. గేర్ ఆయిల్ మార్చాలా, వద్దా? మార్చకపోతే గేర్ బాక్స్ పోతుందని ఒకరంటారు. ఇన్నేళ్ళు ముట్టనిదాన్ని ఇప్పుడు ముట్టుకుంటేనే పోతుందని ఇంకొకరంటారు. వాన మొహం చాటేసి, వేరుశనగ చేలోనే ఎండిపోయిన ఏడాది గేర్ బాక్స్ రిపేరంటే మాటలు కాదు. ఆ కారు హిందూపురానికో పావగడకో బాడుగకు తిరిగితేనే ఇల్లు గడిచేవాళ్ళకి అది ఇంకా పెద్ద దెబ్బ.

ఇలాంటి ప్రశ్నని ఎలా పట్టుకోవాలో తన బతుకుతో చూపించిన మనిషి ఒకాయన ఉన్నాడు. కోయంబత్తూరు జి.డి. నాయుడు.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టాడు. తమిళదేశంలో తరాల కిందట స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం వాళ్ళది. బడి ఆయనకి పడలేదు. చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది, పొలం పనిలో పడ్డాడు. అలాంటి రోజుల్లో ఒక బ్రిటిష్ అధికారి మోటారు సైకిల్ మీద ఆ పల్లెకి వచ్చాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి మాత్రం పోతోంది! అది చూసినప్పటి నుంచి కుర్రాడికి ఇక వేరే ధ్యాస లేదు.

పల్లె వదిలి కోయంబత్తూరు చేరాడు. హోటల్లో సర్వర్‌గా పనిచేసి రూపాయి రూపాయి కూడబెట్టాడు. చివరికి ఆ అధికారి దగ్గరే మోటారు సైకిల్ కొన్నాడు. అది రడ్జ్ కంపెనీ బండి. కొన్నాక దాన్ని ముక్క ముక్కగా విప్పాడు, మళ్ళీ బిగించాడు. ఆయన చదివిన ఇంజనీరింగ్ కాలేజీ అదే అనుకోవచ్చు. మెకానిక్ పని అలా చేతికి వచ్చింది.

1920లో కోయంబత్తూరు వ్యాపారి రాబర్ట్ స్టేన్స్ సాయంతో ఒక బస్సు కొని, పొల్లాచ్చి నుంచి పళనికి తనే నడిపాడు. ఒక్క బస్సున్నవాడి పరిస్థితి ఎలా ఉంటుందో మనకి తెలుసు. అది ఆగిన రోజు రాబడి కూడా ఆగిపోతుంది.

ఇక్కడ ఆ కాలపు గేర్ బాక్స్ గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. సింక్రోమెష్ 1928లో గానీ కార్లలోకి రాలేదు. అంతకుముందు డ్రైవరు క్లచ్ రెండుసార్లు తొక్కి, ఇంజను వేగాన్ని చెవితో అంచనా వేసి గేరు మార్చాలి. కొంచెం తప్పితే పళ్ళు ఒకదానికొకటి కరకరా రాసుకునేవి. రాసుకున్న ప్రతిసారీ సన్నటి ఇనుప పొడి ఆయిల్‌లో కలిసేది. ఆ పొడి ఆయిల్‌లోనే ఉండిపోతే పళ్ళని, బేరింగులని మెల్లగా తినేస్తుంది. కాబట్టి అప్పటి బస్సు యజమానికి ఆయిల్ దించి చూడటమంటే బండి ఆరోగ్యం చూడటమే. రోగిని ముట్టుకోకుండా మందు రాసే వైద్యుడు ఉండడు కదా.

ఒక్క బస్సుతో మొదలైన ఆ యూనివర్సల్ మోటార్ సర్వీస్, అంటే యు.ఎం.ఎస్., పదిహేనేళ్ళు తిరక్కుండానే 200కు పైగా బస్సుల సంస్థ అయింది. టైముకి నడుస్తుందనీ, బండ్లు బాగుంటాయనీ పేరు తెచ్చుకుంది. రోజూ వందల మైళ్ళు తిరిగే బండ్లను నమ్మకం మీద వదిలేస్తే ఆ పేరు రాదు.

తర్వాత ఆయన చెయ్యి పెట్టని పని లేదు. 1936లో లండన్‌లో అయిదో జార్జి అంత్యక్రియలను తన కెమెరాతో చిత్రీకరించాడు. 1937లో డి. బాలసుందరంతో కలిసి పీలమేడులో ఎలక్ట్రిక్ మోటారు తయారు చేయించాడు. కోయంబత్తూరు ఇవాళ పంపుసెట్ల ఊరు అయిందంటే ఆ మోటారుతో మొదలైన కథే. మన బోరుబావుల దగ్గర తిరిగే మోటార్లలో ఆ ఊరి సరుకు ఎంతో ఉంది. ఎలక్ట్రిక్ రేజరు, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, ఓట్లు నమోదు చేసే యంత్రం కూడా ఆయన ఖాతాలోవే. 1952లో తక్కువ ధరలో రెండు సీట్ల కారు తయారు చేశాడు గానీ, దాన్ని ఉత్పత్తి చెయ్యడానికి ప్రభుత్వ అనుమతి రాలేదు.

నాలుగేళ్ళ బీటెక్ చదువుతున్న మనకి కొంచెం గుచ్చుకునే సంగతి ఒకటుంది. 1945లో మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ పేరుతో కోయంబత్తూరులో మొదలైన కాలేజీకి నాయుడు గారే మొదటి ప్రిన్సిపాల్. ఇప్పటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అదే. ఇంజనీరింగ్‌కి నాలుగేళ్ళు దండగ, చేత్తో పనిచేయిస్తూ నేర్పితే అంతకంటే చాలా తక్కువ కాలం చాలు అన్నది ఆయన అభిప్రాయం. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆయన తప్పుకున్నాడు. 1974 జనవరి 4న కన్నుమూశాడు. అవినాశి రోడ్డులోని మ్యూజియంలో ఆయన వస్తువులు ఇప్పటికీ చూడొచ్చు.

సరే, మన పాత కారు సంగతి? నాయుడు గారి కాలపు గేర్ బాక్స్ వేరు, ఈ ఆటోమేటిక్ వేరు. ఇందులో ఆయిల్ చేసే పని ఇంకా ఎక్కువ. పళ్ళకి జారుడు ఇవ్వడంతో పాటు క్లచ్ ప్లేట్లని ఒత్తిడితో పట్టుకునేది, ఇంజను బలాన్ని టార్క్ కన్వర్టర్ గుండా అందించేది, వేడిని మోసుకుపోయేది కూడా అదే. ఎండలో, ఎత్తుపల్లాల దారిలో అది త్వరగా పాడవుతుంది.

ముట్టుకుంటే పోతుందన్న భయంలో కొంత నిజం లేకపోలేదు. అరిగిన ప్లేట్ల పొడి పాత ఆయిల్‌లో తేలుతూ ఆ ప్లేట్లకే కాస్త పట్టు ఇస్తుంటుంది. కొత్త ఆయిల్ పోయగానే ఆ పట్టు పోయి, లోపల ఎప్పుడో వచ్చిన అరుగుదల బయటపడుతుంది. నింద మాత్రం కొత్త ఆయిల్ మీద పడుతుంది. మెషిన్ పెట్టి ఒత్తిడితో ఫ్లష్ చేస్తే అడుగున పేరుకున్న మడ్డి కదిలి సన్నటి దారుల్లో ఇరుక్కోవడమూ జరగొచ్చు.

అందుకని కిలోమీటర్ల అంకె చూసి తీర్పు చెప్పకూడదు. ముందు పాత సర్వీస్ బిల్లులు అడగాలి. కొంచెం ఆయిల్ తీసి రంగు, వాసన చూడాలి. గోధుమ రంగుకి తిరిగినా మాడు వాసన లేకుండా, గేర్లు సాఫీగా పడుతుంటే మార్చడమే మేలు. ఫ్లష్ వద్దు. కింద ప్లగ్గు విప్పి దిగినంత దించి, కంపెనీ చెప్పిన రకమే అంతే కొలతలో పోయాలి. ఒకసారికి సగం కూడా దిగకపోవచ్చు, కన్వర్టర్‌లో మిగిలిపోతుంది. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి చేస్తే సరిపోతుంది. అడుగు మూతలోని అయస్కాంతానికి బూడిద రంగు మెత్తటి పూత అంటుకుని ఉంటే భయం లేదు. ఇనుప తునకలు కనిపించినా, ఆయిల్ మాడు వాసన కొట్టినా, గేరు జారుతున్నా సమస్య ఆయిల్‌ది కాదు. అప్పుడు ఆ డబ్బు ఆయిల్‌కి పెట్టకుండా రిపేరుకి దాచుకోవాలి, లేదా బండి అమ్మే ఆలోచన చెయ్యాలి.

మనలో చాలామంది గేర్ బాక్స్ బొమ్మ పరీక్షలో బాగా గీస్తాం గానీ ప్లగ్గు ఒక్కసారైనా విప్పి ఉండం. ఈ సెలవుల్లో ఊరికి వెళ్ళినప్పుడు నమ్మకమైన మెకానిక్ పక్కన కూర్చుని ఆ పాత ఆయిల్ దిగుతుంటే చూద్దాం. వేలి మధ్య రుద్ది, వాసన చూసి, మార్చాలా వద్దా అన్నది ఇంట్లోవాళ్ళకి మనమే చెప్పగలగాలి.